ఎర్ర చుక్క ఫిల్ములు

ఐదేళ్ళు ఏం పరిశోధన చేశావని అడిగిన చుట్టాలందరికీ నేను ఒకే జవాబు చెప్పేదాన్ని. నల్లగా ఉన్నదాన్ని పసుపు రంగుకు తిరగకుండా కాపలా కాశానని. వాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు, వేళాకోళం ఆడుతున్నాననుకుని. నిజానికి నా పనిలో అంతకు మించి ఒక్క ముక్క లేదు.

మా ల్యాబు హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థ ఆవరణలో ఉండేది. సోలార్ సెల్స్ మీద పని. డాబాల మీద కనిపించే నీలం పలకలు సిలికాన్‌తో చేసినవి, మావి వేరు. సీజియం, సీసం, అయొడిన్ కలిసిన ద్రావణాన్ని చిన్న గాజు పలక మీద చుక్కలుగా వేసి, గిర్రున తిప్పి, వేడి పెనం మీద పెడతాం. పసుపు పొర కళ్ళముందే నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు. ఆ నలుపు ఉన్నంతసేపే అది ఎండను మింగి కరెంటు ఇస్తుంది. ఈ జాతి పదార్థాన్ని పెరోవ్‌స్కైట్ అంటారు. వీటిలో కర్బనం కలిసిన రకానికి వేడి పడదు. మాది కర్బనం లేని రకం, వేడికి జంకదు. జంకేదల్లా తేమకు. కాస్త తడిగాలి తగిలిందంటే లోపలి పరమాణువులు తమ పాత వరసలోకి సర్దుకుంటాయి. ఏమీ పోదు, ఏమీ చేరదు, కానీ పొర పసుపైపోయి దేనికీ కొరగాకుండా పోతుంది.

దీనికి విరుగుడుగా చేసేదే డోపింగ్. సీసం పరమాణువుల్లో కొన్నింటి చోట వేరే లోహాన్ని కూర్చోబెట్టడం. నా వంతుకు కాల్షియం వచ్చింది. కాల్షియం చేరితే వరస బిగుస్తుందని, తేమకు అంత తొందరగా లొంగదని మా ఆశ. ఎంత కలపాలన్నదే తంటా. ఎక్కువైతే పొర పాడవుతుంది, తక్కువైతే కలిపినా కలపనట్టే.

ల్యాబులో ఒక పెద్దాయన ఉండేవారు. తాళాలు ఆయన దగ్గరే. పొద్దున ఎనిమిదికి తెరవడం, సాయంత్రం ఆరుకు మూయడం, గాజు సామాను కడగడం, సిలిండర్లు మార్పించడం ఆయన పనులు. కాంట్రాక్టు ఉద్యోగం. అరవైకి దగ్గర పడ్డ మనిషి. జనగామ దిక్కు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పాతికేళ్ళు చేసి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దగ్గర చేరారు. నేను తెనాలి దగ్గరి దాన్ని. వచ్చిన కొత్తలో ఆయన్ని బాబాయ్ అని పిలిచాను. "మా దిక్కు కాకా అంటరు మేడం," అన్నారు. అప్పటి నుంచి నాకూ కాకాయే.

ఒకరోజు నేను కాల్షియం తూకం వేస్తుంటే పక్కన నిలబడి చూశారు.

"గిదేంది మేడం, గింత సన్నం తూస్తున్నరు?"

"కాల్షియం కాకా. సున్నంలో ఉంటుంది చూడు, అదే."

"సున్నమా? అయితే కిళ్ళీ లెక్కనే. జర ఎక్కువైతే నోరు కాలుతది, తక్కువైతే ఎర్రగ పండది."

మా గైడ్‌కు అరగంట పట్టిన సంగతి ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. తర్వాత జూనియర్లకు నేను ఈ మాటే చెప్పేదాన్ని, ఎవరన్నారో చెప్పకుండా.

గైడ్ గురించి కూడా చెప్పాలి. కరీంనగర్ వైపు మనిషి. తక్కువ మాటలు. ఆయన పద్ధతి ఒకటుండేది. మిగతా ల్యాబుల్లో గైడ్లు నోటుబుక్కులు తిరగేసి లెక్కలు సరిచూసేవారు. మా సార్ ఏ విద్యార్థి పుస్తకమూ తెరిచింది లేదు. మనం ఒక సంఖ్య చెబితే, ఆయన దాన్ని అలాగే పేపర్లో పెట్టేవారు. మా మీద ఆయనకు అంత నమ్మకమా, లేక బద్ధకమా అని మేం క్యాంటీన్లో వాదించుకునేవాళ్ళం. నమ్మకమేనని నా వాదన. ఆ నమ్మకంలో నా వాటా కాస్త ఎక్కువని కూడా లోలోపల అనుకునేదాన్ని.

మూడో ఏడాది వానాకాలం నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఫిల్ము అంటే మా భాషలో ఆ పొర పరిచిన గాజు పలక. ఏ ఫిల్ము చేసినా మర్నాటికి పసుపు. పగలు ఏసీ ఉంటుంది గనక గదిలో గాలి పొడిగా ఉంటుంది. ఆరింటికి ఏసీ కట్టేస్తారు. ఇక రాత్రంతా ఉప్పల్ మీద కురిసిన వాన తేమంతా మా గదిలోకే వచ్చి కూర్చునేది. ఒక ఉదయం ట్రే మీద పన్నెండుకు పన్నెండూ పసుపైపోయి కనబడితే, గ్లౌజులు విసిరికొట్టి, స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. వెనక సింకు దగ్గర కాకా ఉన్నారు. నీళ్ళు ఆపేసి చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళిపోయారు.

నాలుగో ఏడాది జూన్‌లో అసలు పరీక్ష మొదలుపెట్టాను. ట్రే మీద రెండు వరసలు. ముందు వరసలో కాల్షియం లేనివి, వెనక వరసలో కలిపినవి. కలిపినవి గుర్తుపట్టడానికి గాజు మూలన ఎర్ర మార్కర్‌తో చుక్క పెట్టాను. రెండు వరసలనూ గాలిలో అలాగే వదిలేసి, రోజూ ఉదయం తొమ్మిదిన్నరకూ సాయంత్రం ఐదింటికీ ఎంత నల్లగా ఉన్నాయో కొలవాలి. కొలిచే గదిలోకి నేనూ కాకా తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఐదున్నరకు నేను వెళ్ళిపోయేదాన్ని. నాచారంలో రెండో అంతస్తులో ఒక పోర్షన్లో ఉండేదాన్ని. ఆరు దాటితే షేర్ ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చోవాలి. ఆ మాత్రం సుఖం కోసం ఐదున్నరకే బయటపడటం నా అలవాటు.

పరీక్ష మొదలైన రోజు కాకాతో అన్నాను, "ఈ ఎర్ర చుక్కవి చాలా ముఖ్యం కాకా. నా చదువంతా వీటి మీదే ఉంది. జాగ్రత్తగా చూసుకో."

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. పైలంగ జూసుకుంట."

గది ఊడ్చేటప్పుడు చెయ్యి తగలనివ్వద్దని నా ఉద్దేశం. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మూడో రోజుకు ముందు వరసంతా పసుపు. వెనక వరస నల్లగా నిగనిగలాడుతూ ఉంది. వారం తర్వాతా అంతే. రెండు వారాలకూ అంతే. బయట ఉప్పల్ చౌరస్తాలో మోకాలి లోతు నీళ్ళు, మా మెట్ల కింద చెప్పుల స్టాండుకు బూజు, నా ఎర్ర చుక్క ఫిల్ములు మాత్రం పెనం మీంచి దించినట్టే ఉన్నాయి. నెల దాటింది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సార్ గదికి వెళ్ళి చెప్పాను.

"నెల రోజులా? ఓపెన్ ఎయిర్‌లనా?"

"అవును సార్."

"కంటిన్యూయస్‌గనా?"

"కంటిన్యూయస్‌గానే సార్."

"మంచి పేపర్ అయితది. రాయి," అన్నారు. సార్ నోట మంచి అనే మాట విన్నవాళ్ళు మా బ్యాచ్‌లో ముగ్గురే. ఆ సాయంత్రం ఆటోలో కాకుండా హబ్సిగూడ నుంచి నాచారం దాకా నడిచి వెళ్ళాను. దారిలో ఎవరితోనైనా చెప్పాలనిపించింది, కానీ ఎవరికి చెప్పినా అర్థం కాదు.

పేపర్ రాశాను. థీసిస్ ఇవ్వాలంటే మా దగ్గర ఒక మంచి పేపర్ అచ్చు కావాలి. ఫెలోషిప్ గడువు ఆ డిసెంబర్‌తో ముగుస్తుంది. అంటే ఈ ఫలితమే నా ఐదేళ్ళకూ ఆధారం. పంపేముందు ఇంకొక్క బ్యాచ్ చేసి, అదీ అలాగే నిలిచిందని చూపించమన్నారు సార్. మామూలు జాగ్రత్తే. కొత్త ఫిల్ములు చేసి ట్రే మీద పెట్టాను.

సరిగ్గా అదే వారం కాకా కంటి ఆపరేషన్‌కని పది రోజులు సెలవు పెట్టారు. శుక్లం. దవాఖానాలో ధూళి తగలనివ్వద్దన్నారట. తాళాలు సెక్యూరిటీ వాళ్ళకు ఇచ్చి వెళ్ళారు.

ఐదో ఉదయం వెనక వరస కూడా పసుపైపోయింది.

మొదట నన్ను నేనే తిట్టుకున్నాను. కాల్షియం సీసా మూత సరిగా బిగించలేదేమో, తేమ పట్టిందేమో అనుకుని కొత్త సీసా తెరిచి ఇంకో బ్యాచ్ చేశాను. అదీ నాలుగు రాత్రులకు మించి ఆగలేదు. పెనం వేడి సరిచూశాను. తూకం సరిచూశాను. గాజులు మళ్ళీ కడిగాను. సార్ కారిడార్లో కనబడితే "ఇంకో వారం సార్," అని తప్పుకునేదాన్ని. అన్నం సయించేది కాదు. నిలిచిన నెల రోజులు నిజమా, లేక ఈ నాలుగు రాత్రులు నిజమా, ఏదీ తేలడం లేదు. ఒకే చేత్తో చేసినవి, ఒకే గదిలో పెట్టినవి. నాకు పిచ్చెక్కినట్టుండేది.

మంగళవారం ఉదయం కాకా వచ్చారు. నల్ల కళ్ళద్దాలు. నేను ట్రే ముందు నిలబడి ఉన్నాను. ఆయన దగ్గరికొచ్చి, అద్దాలు నుదుటి మీదకి ఎత్తి, పసుపైపోయిన ఎర్ర చుక్కల్ని చూసి నాలుక కరుచుకున్నారు.

"అయ్యో! నేను లేక గిట్లాయె. వాళ్ళకు చెప్పి పోవాల్సుండె."

"ఏం చెప్పాలి కాకా?"

"గదే మేడం, పొద్దుమీకి జాడీల పెట్టుమని."

జాడీ అంటే డెసికేటర్. తేమ తగలకూడని వస్తువులు దాచే మందపాటి గాజు పాత్ర, అడుగున తేమను పీల్చే గింజలు పోసి ఉంటాయి. అది ఆ గదిలోనే, ట్రేకు రెండడుగుల దూరంలో ఉండేది. నేను ఇంటికి వెళ్ళాక ఆరింటికి ఎర్ర చుక్కవన్నీ అందులో పెట్టి మూత బిగించేవారట. పొద్దున ఎనిమిదికి తీసి, ఏది ఎక్కడుందో అక్కడే, ఏ మూల ఎటు తిరిగి ఉందో అటే సర్దేవారట. మొదటి రోజు నుంచీ. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదట.

"ఎందుకు కాకా?"

"ఏసీ బంద్ గాంగనే తేమ వస్తది గదా మేడం. పోయినేడు మీరు గట్ల ఏడ్సిన్రు. ఈసారి మీరే అంటిరి, నా సదువంతా గీటి మీదనే ఉన్నదని. ముంగటి వరస ముఖ్యం గాదు అన్కున్న. గవన్నీ పట్టయి గూడ, జాడీ చిన్నది."

ఆయన ముఖంలో తప్పు చేసిన భావం ఏ కోశానా లేదు. తాను సెలవు పెట్టడం వల్ల నష్టం జరిగిందన్న బాధ తప్ప. తేమ పీల్చే గింజలు తడిసి గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్లో ఆరబెట్టి మళ్ళీ నీలం చేసేవారు కూడా. ఆయన అలా ఆరబెట్టడం నేను ఎన్నిసార్లో చూశాను. పని మీద శ్రద్ధ అనుకుని మెచ్చుకున్నాను.

నా పేపర్లో 'నిరంతరాయంగా గాలిలో' అని రాసి ఉంది. రాత్రి ఆ ఫిల్ములు గాలిలో లేవు. పగలు ఏసీలో, రాత్రి జాడీలో. ఆ లెక్కన కాల్షియం లేనివి కూడా నెల రోజులు నిలిచేవే.

ఇక్కడ నా గురించి ఉన్నదున్నట్టు రాయాలి. ఆ మంగళవారం, ఆ బుధవారం నేను నోరు మెదపకుండా ఉండిపోదామని గట్టిగా ఆలోచించాను. పేపర్ సిద్ధంగా ఉంది. సార్ పుస్తకం తెరవరు. కాకా వచ్చేశారు గనక కొత్త బ్యాచ్ ఎంచక్కా నిలుస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, ఐదున్నరకు నేను నా ఆటో ఎక్కితే చాలు. మంగళవారం మధ్యాహ్నం కొత్త ఫిల్ములు చేసి ట్రే మీద పెట్టి, సాయంత్రం అలాగే ఎక్కాను. పెట్టొద్దని కాకాకు చెప్పకుండానే. నాచారం వచ్చేదాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

బుధవారం పొద్దున ఆయనతో చెప్పాను, ఇక నుంచి రాత్రిళ్ళు జాడీలో పెట్టొద్దని. ఎందుకో వివరించడానికి ప్రయత్నించాను. ఎన్నాళ్ళు బతుకుతాయో చూడాలంటే వాటిని కాపాడకూడదని. ఆయన సరే అన్నారు. ఇంకేదో అనబోయి ఆగిపోయినట్టు అనిపించింది. నొచ్చుకున్నారనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం సార్ గదికి వెళ్ళాను. వెళ్ళేముందు ఒక విషయం నన్ను ఆపింది. అంతకు రెండేళ్ళ ముందు శుభ్రం చేసే ఒకావిడ ప్లగ్గు కోసం ఫ్రీజర్ వైరు పీకేసింది, సార్ నమూనాలు పోయాయి. మర్నాటి నుంచి ఆవిడ కనిపించలేదు. కాంట్రాక్టరు ఇంకొకర్ని పంపాడు. కాకా చేసిన పని తెలిస్తే ఆయన గతీ అంతే అనుకున్నాను. అరవై దగ్గర పడ్డ మనిషి, కొత్తగా ఆపరేషన్ అయిన కన్ను. అసలు ఆయనకు చూసుకోమని చెప్పింది నేను. మెట్లెక్కుతూనే నిర్ణయించేసుకున్నాను.

"సార్, ఆ నెల రోజుల రిజల్ట్ తప్పు. రాత్రిళ్ళు ఫిల్ములు డెసికేటర్లో ఉన్నాయి. బయట పెడితే నాలుగు రాత్రులే నిలుస్తున్నాయి."

సార్ పెన్ను కింద పెట్టారు. "ఎవరు పెట్టిన్రు?"

"నేనే సార్."

"నువ్వేనా?"

"నేనే. మొదట్లో పొరపాటున పెట్టాను. తర్వాత రాసేటప్పుడు గమనించలేదు."

ఎంత నాసిరకం అబద్ధమో చెబుతుండగానే నాకు తెలుస్తోంది. నెల రోజులపాటు రోజూ పొరపాటున పెట్టేవాళ్ళు ఎవరుంటారు? ఆయన నన్ను అలాగే చూశారు. కోపం లేదు. అరుస్తారని సిద్ధపడి వెళ్ళాను, అరవలేదు.

"సరే," అన్నారు చివరికి. "పేపర్ ఆపు. రీడింగ్స్ అన్ని మళ్ల మొదటినుంచి తియ్యి. రేపటిసంది నీ ప్రతి రీడింగ్ మీద జూనియర్ సంతకం ఉండాలె. తారీఖు, టైమ్ వేసి."

బయటికొచ్చాక నాకు ఏడుపు రాలేదు సరికదా, కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టాను. దానికి నా పేరు చెడగొట్టుకున్నాను. ఇలాంటివి కథల్లో చదవడమే గానీ చేసినవాళ్ళు ఎంతమంది?

తర్వాత ఎనిమిది నెలలు రోజుకు రెండుసార్లు, నాకంటే మూడేళ్ళు చిన్నదైన అమ్మాయి వచ్చి, మీటర్ వైపు చూసి, నా నోటుబుక్కులో నా అంకె పక్కన సంతకం పెట్టి వెళ్ళేది. మొదటి వారం ఆ అమ్మాయికి నా ముఖం చూడాలంటే ఇబ్బంది. నాకు తల కొట్టేసినట్టుండేది. ల్యాబులో ఇంకెవరికీ ఈ పద్ధతి లేదు. క్యాంటీన్లోకి నేను వెళితే మాట మార్చేవాళ్ళు. గైడ్‌ది నమ్మకమా బద్ధకమా అన్న వాదన మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

కాకా ఒకసారి అడిగారు, "గా పిల్లెందుకు వస్తున్నది మేడం దస్తఖత్‌కు?"

"కొత్త రూలు కాకా."

ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఒక రకమైన దయ ఉండేది. ఆయన గాజు సామాను కడుగుతుంటే వెనక నుంచి చూసి, ఈయన ఇక్కడ నిలబడి ఉన్నది నా వల్లే కదా అనుకునేదాన్ని. అప్పుడప్పుడూ కాదు, తరచుగా అనుకునేదాన్ని.

ఫలితాలు మాత్రం వచ్చాయి. కాల్షియం లేనివి వానాకాలపు తేమలో ఒక రాత్రి, మహా అయితే రెండు. సరైన పాళ్ళలో కలిపినవి నాలుగు, ఐదు. పాళ్ళు కాస్త పెంచితే మళ్ళీ మూడుకు దిగింది. తేడా చిన్నది, కానీ ఎన్నిసార్లు చేసినా అదే వచ్చింది. సార్ అనుమతితో ఫెలోషిప్ గడువు కొన్ని నెలలు పొడిగించారు. పెద్ద పత్రికకు అనుకున్న పేపర్ చిన్న పత్రికలో వచ్చింది. 'మెరుగుదల స్వల్పం' అని నా చేత్తో నేనే రాసుకున్నాను. ఒక సాయంత్రం బయట కుండపోతగా కురుస్తుంటే కాకా తాళాల గుత్తి పట్టుకుని ట్రే దగ్గర నిలబడ్డారు.

"ఒక్కదాన్నన్న లోపట పెట్టనా మేడం?"

"వద్దు కాకా."

"పాపం నల్లగ మంచిగున్నయి," అంటూ లైటు ఆర్పారు. మర్నాడు నాలుగు పసుపైపోయాయి. నేను రాసుకున్నాను, అమ్మాయి సంతకం పెట్టింది.

థీసిస్ ఇచ్చేసిన రోజు సార్ నాకు ఒక కవరు ఇచ్చారు. పీర్జాదిగూడ దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగానికి అప్లై చేశాను. దానికి ఆయన సిఫారసు ఉత్తరం. కవరు అంటించలేదు, చదువుకోమన్నట్టే ఇచ్చారు. గేటు బయట చాయ్ బండి దగ్గర కాకా కనిపించి, నన్ను కూర్చోబెట్టి చాయ్ చెప్పారు. నేను ఉత్తరం తీసి చదివాను. కష్టపడుతుంది, చేతి పని శుభ్రం, వ్రాత స్పష్టం, క్లాసు బాగా చెబుతుంది. అన్నీ ఉన్నాయి. మా సీనియర్లకు ఆయన ఇచ్చిన ఉత్తరాలు నేను చూశాను. వాటన్నిటిలో చివర ఒక వాక్యం ఉండేది, ఈ విద్యార్థి మాటను నేను పరీక్షించకుండా తీసుకుంటాను అని. నా దాంట్లో ఆ వాక్యం లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. ఒకరి కోసం పోగొట్టుకున్నదే కదా అని కవరు మడిచాను.

"అయిపాయె గదా మేడం ఇగ. ఇప్పుడు చెప్తే ఏమైతది," అన్నారు కాకా, చాయ్ ఊదుకుంటూ. "ఆ జాడీ ముచ్చట సార్‌కు నేనే చెప్పిన."

"ఎప్పుడు?"

"నేను దవాఖానా నుంచి వచ్చిన్నాడే. పొద్దుగాల మీతోని చెప్పిన గదా, గా పొద్దుమీకి. మీరు పోయిన్రు. నేను ఎర్ర చుక్క బిళ్ళలు జాడీల పెడుతున్న. సారు ఎందుకో లోపటికొచ్చి సూసిండు. ఏం జేస్తున్నవ్ అన్నడు. ఉన్నదున్నట్టు చెప్పిన."

"ఏమన్నారు?"

"ఏమనలే. మంచోడు సారు. మంచి మనసుతోని జేసినవ్ గని మళ్ల జెయ్యకు అన్నడు, అంతే. మేడంకు ఎర్కనా అని అడిగిండు. పొద్దుగాలనే చెప్పిన సార్ అన్న. అయితే ఆమెనే వచ్చి చెప్తది, నువ్వు నడుమ రాకు, నేనడిగిన్నని చెప్పకు అన్నడు. మీరు చెప్పిన్రట గదా?"

"చెప్పాను," అన్నాను.

చాయ్ మీద మీగడ కట్టింది. మంగళవారం సాయంత్రమే ఆయనకు అంతా తెలుసు. బుధవారమంతా నేను వస్తానని ఎదురుచూశారు. గురువారం మధ్యాహ్నం వెళ్ళి, ఆయనకు తెలిసిన దానికి సరిగ్గా విరుద్ధంగా చెప్పాను. ఎవరు పెట్టారని ఆయన రెండుసార్లు అడిగారు. కాకా ఉద్యోగానికి ఏ ప్రమాదమూ లేదు. నేను ఎవర్నీ కాపాడలేదు. ఆ ఎనిమిది నెలల సంతకాలు ఫిల్ముల విషయంలో పొరపాటుకని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అవి నా అబద్ధానికి.

కాకాను ఉండమని చెప్పి, గేటు దాటి, మళ్ళీ మెట్లెక్కాను. సార్ ఇంకా గదిలోనే ఉన్నారు. ఏదో చదువుతున్నారు.

"సార్, ఆ ఫిల్ములు పెట్టింది నేను కాదు."

"తెల్సు," అన్నారు, తల ఎత్తకుండా. తర్వాత ఎత్తారు. "ఆయన ఉద్యోగం పోతదని అన్కున్నవా?"

"అవును సార్."

"నన్ను అడిగితే అయిపోతుండె గదా."

చేతిలో కవరు ఉంది. ఆయన దాని వైపు చూశారు, నేనూ చూశాను. ఇంకొక వాక్యం రాసిమ్మని నేను అడగలేదు. ఇటివ్వు అని ఆయన చెయ్యి చాచలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాను.